అన్‌ఫిట్ కాని మనిషి

మా బాపు ఇంట్లో చేసిన ఆఖరి పని పప్పు మాడగొట్టడం.

రెండు వేల పద్నాలుగు ఫిబ్రవరి. బాపుకు రెండో షిఫ్టు. మేం అవ్వ అని పిలిచే మా అమ్మ సువార్తమ్మ కుక్కర్ పొయ్యి మీద పెట్టి, "మూడు కూతలు కూసినంక బంద్ జెయ్యి" అని బాపు మొహం మీద చెప్పి, బిందె పట్టుకుని నల్లా దగ్గరికి పోయింది. మా ఇంట్లో కుక్కర్ డ్యూటీ ఎప్పుడూ బాపుదే. ఆయన ఆ డ్యూటీ చేసే తీరు చూసి మేమంతా నవ్వేవాళ్ళం. మిగతా ఇళ్లలో మగవాళ్ళు పేపరు చదువుకుంటూనో టీవీ చూస్తూనో విజిళ్లు లెక్కపెడతారు. మా బాపు పొయ్యికి ఎదురుగా పీట వేసుకుని, కుక్కర్‌నే చూస్తూ కూర్చుని, పైన బరువు ఎగిరినప్పుడల్లా ఒక వేలు మడిచేవాడు. "దాన్నెవలన్న ఎత్తుకపోతరా?" అనేది అవ్వ.

ఆ రోజు బూటు లేసు తెగింది. కొత్తది ఎక్కించుకోవడానికి బాపు వాకిట్లో వెలుతురులోకి వచ్చి కూర్చున్నాడు. అవ్వ నిండు బిందెతో ఉరికొచ్చేసరికి ఇల్లంతా మాడు వాసన.

"మూడంటే ముప్పై కూసింది! నల్లా కాడికి ఇనవడ్డది నాకు. నువ్వు ఈడనే ఉంటివి గదా!"

"మాడు పప్పు జల్ది అరుగుతది" అన్నాడు బాపు.

"ఎవలన్నరు?"

"లాంపు రూంల అందరంటరు."

మాడింది వదిలి పైపైన తీసిన పప్పే డబ్బాలో పెట్టుకుని డ్యూటీకి పోయాడు. పొద్దు గూకే వేళ లాంపు రూం కిటికీ దగ్గర కుర్చీలోనే పక్కకు ఒరిగిపోయాడట. గుండె అన్నారు దవాఖానలో. డబ్బా మూత తీయకుండానే ఇంటికొచ్చింది. "ఆఖరి దినం మాడు పప్పు పెట్టి తోలిచ్చిన" అని అవ్వ ఇప్పటికీ అంటుంది. అందులో తప్పు మాత్రం ఇప్పటికీ బాపు మీదే వేస్తుంది.

బాపు పేరు స్తెఫను. గోదావరిఖనిలో బొగ్గు తీసిన వేలమందిలో ఒకడు. చాలా ఏళ్లు గని లోపల డ్రిల్లు పట్టాడు. బొగ్గు గోడకు రంధ్రాలు వేయడం, మందు కూరాక పక్కకు జరగడం, పేలిన తర్వాత మళ్ళీ అక్కడికే పోవడం. ఒకసారి పైనుంచి బండ ఊడి కాలి మీద పడింది. కాలు అతుక్కుంది, కాకపోతే కొంచెం పొట్టిగా అతుక్కుంది. అప్పుడు ఆయన్ని పైకి తెచ్చి లాంపు రూంలో వేశారు.

లాంపు రూం అంటే గని దిగే ప్రతి మనిషీ తన బిళ్ళ ఇచ్చి టోపీ దీపం తీసుకునే చోటు. షిఫ్టు మొదలయ్యే వేళ ఆ కిటికీ ముందు అందరూ ఒక్కసారే అరుస్తారు. బాపు ఎవరితోనూ రెండోసారి అడిగించుకునేవాడు కాదు. మొహం చూసి, ఆ మనిషి దీపం తీసి చేతిలో పెట్టేవాడు. "స్తెఫనన్న కాడ నోరు తెరిచే పనే లేదు" అని కార్మికులు మెచ్చుకునేవారు. ఇంట్లో మాత్రం తిట్లే. వెనక నుంచి పిలిస్తే పలకడు. ఎదురుగా వచ్చి నిలబడితే తప్ప తిరగడు. "ఇనవడక గాదు, ఇనాలని మనసుండాలె" అని అవ్వ తీర్పు. పెళ్లయిన కొత్తలో ఇచ్చిన తీర్పు అది. దాని మీద ఎవరూ అప్పీలుకు పోలేదు, బాపు కూడా.

ఆయనకు ఒకటే పట్టుదల. మా తమ్ముడు టిమోతి గని దిగొద్దు. ఎందుకని అడిగితే, "నేను దిగిన గదా, సాలు" అనేవాడు. అంతకు మించి ఒక్క మాట వచ్చేది కాదు.

మా దగ్గర పిల్లల్ని గని నుంచి తప్పించడానికి రెండు దారులున్నాయి. ఒకటి ఇంజనీరింగు, రెండోది విమానం. టిమోతి ఇంటర్మీడియెట్‌లో లెక్కలు తప్పి మొదటి దారి తానే మూసేసుకున్నాడు. రెండు వేల ఏడులో కరీంనగర్లో ఒక కన్సల్టెన్సీ వాళ్ళు మ్యాపు మీద వేలు పెట్టి సైప్రస్ అనే దేశం చూపించారు. వేలు తీస్తే గానీ దేశం కనపడలేదు. అక్కడ హోటల్ మేనేజ్‌మెంట్ చదివితే ప్రపంచంలో ఎక్కడైనా ఉద్యోగమని చెప్పారు. అవ్వ రెండు రోజులు అన్నం ముట్టలేదు. చివరికి పాస్టరుగారు ఇంటికొచ్చి, మనం గుడిలో కుప్ర అని చదువుకునే దీవి అదేనమ్మా అని చెప్పాక, సైప్రస్ అవ్వకు మందమర్రి అంత దగ్గరైపోయింది.

టిమోతి వెళ్ళాడు, చదివాడు, రెండు వేల పదిలో తిరిగొచ్చాడు. అక్కడ క్లాసు వారంలో రెండు రోజులనీ, మిగతా రోజులు సముద్రం ఒడ్డున ఒక హోటల్లో గిన్నెలు తోమడమే ప్రాక్టికల్ అనీ వచ్చాక చెప్పాడు.

"మళ్ల పోవా?" అని అడిగాను.

"పోనక్కా. గిన్నెలే తోమాలంటె ఈడ తోముత. కనీసం తెలుగుల తిడుతరు."

ఆ మాట నవ్వుతూనే అన్నాడు గానీ, దాని మీదే నిలబడ్డాడు. హైదరాబాదుకు పొమ్మన్న వాళ్లకూ, దుబాయి పొమ్మన్న వాళ్లకూ అదే జవాబు. ఏ పనైనా సరే, పొద్దున లేచి పోయి, సాయంత్రం ఈ ఊళ్ళోనే మంచం వాల్చుకోవాలి. వాడికి కావలసింది అంతే. అప్పట్లో అది చాలా చిన్న కోరిక అనుకున్నాం.

బస్టాండు దగ్గర లాడ్జి ఓనరు సర్టిఫికెట్ తిప్పి తిప్పి చూసి, "మోటరు కాలిపోతె బాగు జేసుడు వస్తదా?" అని అడిగాడు. పవర్ ప్లాంటు వైపు ఒక గెస్ట్ హౌస్ వాళ్ళు మన దేశంలో చేసిన అనుభవం ఉంటే చెప్పమన్నారు. ఒక ప్రైవేటు బడి కరస్పాండెంటు మాత్రం సంతోషంగా, రేపటి నుంచి ఇంగ్లీషు చెప్పమన్నాడు.

"సార్, అక్కడ గ్రీకు మాట్లాడుతరు" అన్నాడు టిమోతి.

"మూడేండ్లు ఫారెన్ల ఉండి ఇంగ్లీషు రాకపోవుడేందయ్యా?"

"వంటింట్ల ఉన్న సార్. గ్రీకుల తిట్లు వస్తయి."

ఆ ఉద్యోగమూ పోయింది.

ఆఖరికి చౌరస్తాలో ఎల్లేశం అనే కాంట్రాక్టరు ఏసీ ఫ్యామిలీ రెస్టారెంటు తెరిచి మా తమ్ముణ్ణి మేనేజరుగా పెట్టుకున్నాడు. టిమోతి టై కట్టాడు. ప్రతి బల్ల మీదా ఎడమకు ముల్లు చెంచా, కుడికి కత్తి పెట్టించి, గుడ్డ రుమాళ్ళు పువ్వుల్లా మడిపించాడు. మొదటి ఆదివారం ఒక కుటుంబం వచ్చి, ఆ పువ్వులు విప్పితే పైసలు తీసుకుంటారేమోనని భయపడి, వాటిని ముట్టకుండా బిర్యానీ తిని వెళ్ళిపోయింది.

ఎల్లేశం వచ్చి మెల్లగా చెప్పాడు. "తమ్మీ, గా ముల్లు చెంచాలు లోపల పెట్టు. పిల్లలు కండ్లల్ల పొడుసుకుంటరు. టై ఉంచుకో, బాగుంది."

చెంచాలు పోయి టై మిగిలింది. అదైనా ఎక్కువ రోజులు మిగలలేదు. రెండు వేల పదకొండులో సకల జనుల సమ్మె వచ్చింది. బళ్ళు, బస్సులు, బొగ్గు అన్నీ ఆగాయి. మా ఉద్యోగాలు మాకు కావాలని ఊరంతా రోడ్డెక్కింది. ఆ ఊపులో మా తమ్ముడికి ఉన్న ఒక్క ఉద్యోగమూ ఊడింది. ఏసీ రెస్టారెంటు షట్టరు దించుతూ ఎల్లేశం, "రాష్ట్రం రానీ తమ్మీ, మొట్టమొదలు నిన్నే పిలుస్త" అన్నాడు. టిమోతి కోపం తెచ్చుకోలేదు. తనూ జెండా పట్టుకుని రోడ్డు మీదికే పోయాడు.

విచిత్రమేమిటంటే వాడి చదువు మొదటిసారి పనికొచ్చింది అక్కడే. రాజీవ్ రహదారి మీద వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు తవ్వి, వండి, అక్కడే తిని, బండ్లు కదలకుండా ఆపడం. అన్నం ఒకచోట ఉడకలేదు, ఇంకోచోట మాడింది, నాయకులు మైకులో ఉపన్యాసాలిస్తున్నారు. టిమోతి టై తీసి తలకు చుట్టుకుని, గంటెలు పట్టిన వాళ్ళందరినీ వరస పెట్టి, విస్తరికి విస్తరికీ జానెడు దూరం ఉంచి, తారు రోడ్డు మీద మొత్తం బొగ్గు గనికి సరిపడా మందికి వేడి వేడిగా పప్పన్నం పెట్టించాడు. బాపు కూడా ఆ వరసలో కూర్చుని తిన్నాడు. లేచి చేయి కడుక్కుంటూ, "నీ చేతుల రుచి ఉన్నదిరా" అన్నాడు. బాపు ఎవరినైనా మెచ్చుకోవడం మేమెప్పుడూ వినలేదు. జీతం లేని పనికి వచ్చిన మెప్పు కనుక టిమోతి దాన్ని లెక్కలో వేసుకోలేదు.

సమ్మె ముగిసింది, రెస్టారెంటు తెరుచుకోలేదు. అప్పుడే మా ఇంట్లో మొదటిసారి అన్‌ఫిట్ అనే మాట వినపడింది.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. కార్మికుడు జబ్బుపడి ఇక గని పనికి పనికిరాడని మెడికల్ బోర్డు తేలిస్తే, ఆ ఉద్యోగం కొడుక్కు వస్తుంది. దాన్నే అన్‌ఫిట్ కావడం అంటారు. మిగతా లోకంలో డాక్టరు నీకేం లేదంటే దండం పెడతారు, మా దగ్గర కళ్ళనీళ్లు పెట్టుకుంటారు. రిటైర్మెంటుకు రెండేళ్ళు మిగిలి ఉండగానే ఆ అదృష్టం పట్టాలి. ఆ తరువాత ఎంత పెద్ద జబ్బు వచ్చినా అది ఉత్త జబ్బే.

బాపుకు యాభై ఆరు నిండాయి. మా పక్క క్వార్టరు కొమురెల్లి కాక ఈ విషయంలో పండితుడు. ఆయన నడుము నొప్పితో అన్‌ఫిట్ అయి, కొడుకును గనిలో పెట్టి, ఇప్పుడు సిమెంటు దుకాణంలో బస్తాలు మోస్తున్నాడు. ఒక ఆదివారం గుడి నుంచి రాగానే బాపును మంచం మీద కూర్చోబెట్టి పరీక్ష మొదలుపెట్టాడు.

"బావా, నా కాడ దాసకు. షుగర్?"

"లే."

"బీపీ?"

"లే."

"దమ్ము గిట్ల?"

"సైకిలు తొక్కుకుంట పోయొస్తున్న గదా."

కొమురెల్లి కాక మా అవ్వ వైపు జాలిగా చూశాడు. "గిసొంటి మనిషితోని ఎట్ల సంసారం చేసినవ్ చెల్లె?"

"కాలున్నది గదన్నా, పొట్టి కాలు" అంది అవ్వ ఆశగా.

"దానికి లాంపు రూం ఇచ్చిండ్రాయె. ఒక్క కాలు రెండుసార్లు చూపెట్టరాదు." కాక కాసేపు గడ్డం గోక్కుని తేల్చేశాడు. "చెవుడు. ఇగ అదొక్కటే తొవ్వ. డ్రిల్లు పట్టినోనికి చెవుడంటె ఎవ్వలైన నమ్ముతరు."

"నేను అబద్ధం ఆడ" అన్నాడు బాపు.

అప్పటిదాకా గడపలో కూర్చున్న టిమోతి లేచి వచ్చి బాపు ఎదురుగా నిలబడ్డాడు. "బాపూ, తిరిగి తిరిగి నా చెప్పులు అరిగినయ్. ఇంక ఎవ్వల గడప తొక్కాలె? నువ్వు బతికుండంగ నాకు నౌకరి వస్తె నీకేం నష్టం?"

బాపు వాడి మొహంలోకి చాలాసేపు చూశాడు. తరువాత, "సరే, పోత" అన్నాడు.

ఇంట్లో రిహార్సల్స్ మొదలయ్యాయి. కొమురెల్లి కాక బాపును గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, వెనక నిలబడి చప్పట్లు కొట్టేవాడు. బాపు కదిలేవాడు కాదు. గిన్నె జారవిడిచేవాడు. కదిలేవాడు కాదు. ఒకరోజు దీపావళికి మిగిలిన పటాకీ వాకిట్లో పేల్చాడు. చుట్టుపక్కల పిల్లలు కేకలు పెట్టారు, బాపు భుజం అదిరింది గానీ తల తిరగలేదు.

"అరె బావా! గింత నటన ఇన్నేండ్లు ఏడ దాసినవ్?" అని కాక మురిసిపోయాడు.

అవ్వకు నమ్మకం కుదరలేదు. తన పద్ధతిలో వెనక నుంచి మెల్లగా, "మటన్ తెచ్చిన, తలకాయ కూర" అంది. బాపు గోడను చూస్తూనే ఉన్నాడు. అవ్వ మొహం వెలిగిపోయింది. "నాతోనే నేర్చుకున్నడు అన్నా. నా మాట ఇనకుండ ఉండుడు గీ మనిషికి ఎప్పటిసంది అలవాటే" అని గొప్పగా చెప్పుకుంది.

ఆ రోజుల్లో బాపు ఎంత సుఖంగా ఉన్నాడో నాకు బాగా గుర్తుంది. నేను రెండు వీధుల అవతల ఉండేదాన్ని, నేను పనిచేసే బడి అయిపోగానే వచ్చి చూసి పోయేదాన్ని. ఎప్పుడూ మా మొహాల మీదే ఉండే ఆయన చూపు ఆ పది పన్నెండు రోజులు గోడ మీది బల్లి మీదా, వాకిట్లో ఆరేసిన మిరపకాయల మీదా తిరిగేది. ఎవరికీ జవాబు చెప్పే పని లేదు. మంచం మీద కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. మెలకువగా ఉండి కళ్ళు మూసుకున్న బాపును అంతకు ముందు నేను చూడలేదు. పాత్రలో లీనమయ్యాడని కొమురెల్లి కాక వ్యాఖ్యానించాడు.

బోర్డు ముందుకు పోవడానికి బాపుకు తోడు సదయ్య కాక. ఇద్దరూ డ్రిల్లు పట్టిన రోజుల నుంచి దోస్తులు. ఆయనకూ కొడుకున్నాడు, వీరేందర్, ఆటో నడుపుతాడు. ఆయనకూ చెవుడే. ఇద్దరు చెవిటివాళ్ళు ఒకే బస్సులో పెద్ద దవాఖానకు బయలుదేరారు. అవ్వ ప్రార్థన చేసి పంపింది. దేవుణ్ణి ఏమని అడిగిందో నేను అడగలేదు.

ఇద్దరూ ఫిట్ అయి తిరిగొచ్చారు.

సదయ్య కాక సంగతి ఆయనే చెప్పాడు. డాక్టరు అన్నీ రాసుకుని, తల ఎత్తకుండా మెల్లగా, "అంగీ గుండీ ఊడింది పెద్దాయనా" అన్నాడట. కాక వెంటనే కిందికి చూసుకున్నాడట. మిషను దగ్గర కూడా చెయ్యి ఆగక ప్రతి చప్పుడుకూ బటన్ నొక్కాడట. మరి బాపు? డాక్టరు అడిగిన ప్రతి ప్రశ్నకూ టకటకా జవాబు చెప్పాడట. చెవులకు డబ్బాలు పెట్టి, చప్పుడు వినపడినప్పుడల్లా బటన్ నొక్కమంటే, ఒక్కటి వదలకుండా నొక్కాడట. గీ వయసుల గింత మంచి చెవులు చూడలేదని మిషను నడిపే అమ్మాయి అందట.

కొమురెల్లి కాక నెత్తి పట్టుకున్నాడు. "బావా, ఇంట్ల బాంబు పేలిస్తె కదలకపోతివి. ఆడికి పోయి ఒక్కటన్న ఇడిసిపెట్టరాదా?"

"ఏమో, ఆడ చాత గాలే" అన్నాడు బాపు.

అవ్వ వారం రోజులు బాపుతో మాట్లాడలేదు. దానివల్ల ఆయనకు పెద్ద తేడా పడినట్టు కనపడలేదు. టిమోతి మాత్రం ఒకే మాటన్నాడు. "నీ సత్యం నీకు దక్కింది, నాకేం దక్కింది బాపూ?" బాపు జవాబు చెప్పలేదు. వాడా మాట అటు తిరిగి అన్నాడు. ఆ తరువాతి ఆదివారం పాస్టరుగారు ప్రసంగంలో, పేరు చెప్పకుండా, ఈ ఊళ్ళో కొడుకు ఉద్యోగం కోసమైనా అబద్ధమాడని ఒక సహోదరుడున్నాడని చెప్పారు. గుడి అంతా మా బాపు వైపు తిరిగింది. అందరూ ఎందుకు చూస్తున్నారో తెలియనట్టు ఆయన తన అంగీ గుండీలు తడిమి చూసుకున్నాడు.

ఇక వేరే దారి లేక టిమోతి గని గేటు ముందు తోపుడు బండి పెట్టాడు. పేరు సైప్రస్ టిఫిన్ సెంటర్. తెల్లవారకముందే మొదటి షిఫ్టు వాళ్ళకు పూరీ, ఉప్మా, మధ్యాహ్నం షిఫ్టుకు మిరపకాయ బజ్జీ. పాత పేపరు ముక్కల్ని రుమాళ్ళలా మూలకు మడిచి ప్లేటు కింద పెట్టేవాడు. వాడి మూడేళ్ళ చదువులో మిగిలింది ఆ మడతే. కార్మికులు వాణ్ణి టిమోతి అనడం మానేశారు. "సైప్రస్, రెండు పూరీ!" "సైప్రస్, చట్నీ ఏదిరా?" అని అరుపులు. ఆర్నెల్లు తిరిగేసరికి బండి చుట్టూ బల్లలు పడ్డాయి, పైన రేకులు పడ్డాయి, బండి కదలడం మానేసింది.

బాపు డ్యూటీ దిగగానే అక్కడికే పోయేవాడు. పొయ్యికి ఎదురుగా ఉన్న బల్ల ఆయనది. కొడుకు ఎవరితో మాట్లాడుతున్నా ఆ నోటినే చూస్తూ బజ్జీలు తినేవాడు. ఒకరోజు నేనూ అక్కడే ఉన్నాను.

"గిది నౌకరి గాదారా?" అన్నాడు.

"గిది నౌకరా బాపూ? నౌకరి దొరికెదాక గిది."

"పొద్దుగాల పోతున్నవ్, మాపటికి ఇంటికొస్తున్నవ్. నువ్వు అడిగింది గదే గదా."

"సలికి పూరీలు అమ్ముకునెటోనికి పిల్లనెవలిస్తరు? పర్మినెంటుండాలె."

అవ్వది కూడా అదే లెక్క. గుడిలో ఎవరైనా కొడుకేం చేస్తున్నాడని అడిగితే, "నౌకరి దేవులాడుతున్నడు" అనేది. అప్పటికి వాడి దగ్గర ఇద్దరు మనుషులు పనిచేస్తున్నారు. వాళ్ళను అడిగితే తమకు నౌకరి దొరికిందనే చెప్పేవారు.

రెండు వేల పదమూడులో, వానలు వెనకపడుతున్న రోజుల్లో బాపుకు యాభై ఎనిమిది నిండాయి. పుట్టినరోజు అనే మాటే ఎరగని మనిషి ఆ రోజు తానే బజారుకు పోయి మటన్ తెచ్చాడు, మమ్మల్నందరినీ పిలిచాడు. అవ్వ కూర కలుపుతూ కలుపుతూ గంటె ఆపేసింది. రిటైర్మెంటుకు ఇక రెండేళ్ళే ఉన్నాయనీ, ఆ తలుపు మూసుకుపోయిందనీ అప్పుడు తట్టిందామెకు.

"ఇగ ఏం రోగమొచ్చినా ఫాయిదా లే. గీ ముచ్చటకు కూర తినుడేంది నీ మొహానికి?" అని బాపు ఎదురుగా వచ్చి ఏడ్చింది.

బాపు ప్లేటు ముందుకు జరిపాడు. "ఇంకింత ఎయ్యి."

ఫిబ్రవరిలో పప్పు మాడింది. బాపు పోయాడు.

ఇంట్లో ఆదరణ కూడిక, అంటే సంతాప ప్రార్థన, పెట్టిన రోజే ఢిల్లీలో రాష్ట్రం బిల్లు పాసైంది. పాస్టరుగారి ప్రార్థన మొదలైన కాసేపటికే ఊరంతా పటాకులు. ఆమెన్ ఎక్కడ చెప్పాలో ఎవరికీ తెలియలేదు. కొమురెల్లి కాక మూలన కూర్చుని, తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకుని, "బావ ఆఖరికి అన్‌ఫిట్ అయిండు చెల్లె" అని ఏడ్చాడు. ఆయన వెటకారంగా అనలేదు. ఉద్యోగంలో ఉండగా పోయిన మనిషి స్థానం వారసుడికి వస్తుంది. దానికి బోర్డు లేదు, చెవుల పరీక్ష లేదు, వయసు లెక్క లేదు. బాపు ఫిట్‌గా ఉండి ఆపిన ఉద్యోగాన్ని, తాను పోయి ఇంటికి పంపాడు.

టిమోతి వెంటనే ఒప్పుకోలేదు. బండి దగ్గర పొయ్యి వైపు చూస్తూ, "ఇది ఏం చెయ్యాలె?" అన్నాడు.

"మీ బాపు బతికి ఇయ్యలేకపోయిండు, సచ్చి ఇచ్చిండు" అంది అవ్వ. "ఆయన ఇచ్చిపోయింది వద్దంటవా?"

చుట్టాలు అదే అన్నారు, గుడి పెద్దలు అదే అన్నారు, నేనూ అదే అన్నాను. బాపు ఆత్మ శాంతిస్తుందని కూడా ఎవరో అన్నారు. కొత్త రాష్ట్రం వచ్చిన నెలలోనే మా తమ్ముడు కంపెనీలో చేరాడు. ఊరంతా రంగులు, తోరణాలు. మా ఉద్యోగాలు మాకు వస్తాయని గోడల మీద రాసి ఉంది. మా ఇంటికి వచ్చింది కూడా. సైప్రస్ టిఫిన్ సెంటరును సదయ్య కాక కొడుకు వీరేందర్ తీసుకున్నాడు. ఆటో అమ్మేశాడు. బోర్డు మీద పేరు మార్చలేదు. ఆ పేరు మీదే గిరాకీ అని వాడికి తెలుసు.

టిమోతి ట్రెయినింగ్ అయిపోయి మొదటిసారి గని దిగిన రోజు మొదటి షిఫ్టు. బాపు కూర్చునే కిటికీ దగ్గర ఎవరో కొత్త మనిషి, పేరు అడిగి దీపం ఇచ్చాడట. తమ్ముడు డ్యూటీకి పోయాక అవ్వా నేనూ వాకిట్లో కూర్చుని ఉన్నాం. సదయ్య కాక తన కొడుకు బండి నుంచి వేడి పూరీల పొట్లం పట్టుకుని వచ్చాడు.

"తమ్ముడు దిగిండా బిడ్డా?"

"దిగిండు కాకా. పొద్దుగాల్లనే."

"మంచిగైంది. నౌకరైతే దొరికింది." గోడకు ఆనుకుని కూర్చుని, తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "ఇగ నా మీది బరువు సుత దిగింది. టిమోతికి నౌకరి దొరికెదాక ఎవ్వలకు చెప్పద్దని మీ బాపు నాతోని ఒట్టు వేయించుకున్నడు."

"ఏం చెప్పద్దన్నడు?" అంది అవ్వ.

"బోర్డుకు పోయిన నాటి ముచ్చట. అద్దాల అర్రల కూసోవెట్టి చెవులకు డబ్బాలు పెట్టిండ్రు గదా. మిషను పిల్ల మనకు వీపు తిప్పి కూసుంటది. ఆమె ముందట ఒక అల్మార, దానికి అద్దం. ఆమె సప్పుడు ఇడిసె బటన్ మీద చెయ్యి పడుడు ఆ అద్దంల కనవడుతది. నేను అటు దిక్కే చూడలే. బయటికొచ్చి చాయ్ తాగుకుంట ఏడ్సిన. ప్రతి సప్పుడు గంట కొట్టినట్టు ఇనవడె, ఎంత ఆపుకున్నా నా చెయ్యి ఆగలే అని మీ బాపుకు చెప్పిన. మీ బాపు నా నోటి దిక్కే చూసుకుంట అంత ఇన్నడు. ఇని, నేను అద్దంల ఆమె చెయ్యి చూసి నొక్కిన సదయ్యా అన్నడు. నాకైతె ఒక్కటి సుత ఇనవడలే అన్నడు."